హమాలీ అన్న అడిగిన ప్రశ్న

నిన్న విజయవాడ ధర్నా చౌక్‌లో యుద్ధం వద్దంటూ కూర్చున్నాం. మా పక్కనే అంగన్‌వాడీ అక్కలు. 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె నడిపిన మనుషులు వాళ్లు. గుంటూరు మిర్చి యార్డు నుంచి ఒక హమాలీ అన్న కూడా వచ్చాడు. "గాజాకీ నా టిక్కీకీ ఏం సంబంధం తమ్ముడూ?" అని సూటిగా అడిగాడు. టిక్కీ అంటే ఆయన మోసే మిర్చి బస్తా. మంచి ప్రశ్న. ఇలాంటివి అడగనివ్వని సభలు నాకు నచ్చవు.

2019లో ఇటలీలోని జెనోవా రేవు కార్మికులు ఒక సౌదీ ఓడకు సరుకు ఎక్కించబోమన్నారని చెప్పాను. అది యెమెన్ యుద్ధానికి పనికొస్తుందని వాళ్ల అభ్యంతరం. ఆయన చాలాసేపు దాని గురించే అడిగాడు. వాళ్ల కూలి పోయిందా, పక్కవాళ్లు తోడు నిలబడ్డారా అని. ఈలోగా ఒక ఆయమ్మ, 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలవగానే సన్‌ఫ్లవర్ నూనె ధర ఎలా ఎగిరిందో గుర్తు చేసింది. అంగన్‌వాడీ సెంటర్‌లో పిల్లలకు వండేది ఆవిడే.

వాళ్లు మన సభకు వచ్చారు. వాళ్ల కూలి రేట్ల పోరాటానికి, దళితవాడల శ్మశాన స్థలాల పోరాటానికి మనమూ వెళ్లాలి. ఫొటో దిగి వచ్చేయడం కాదు, చివరిదాకా కూర్చోవాలి.

వచ్చే వారం గుంటూరులో హమాలీల మీటింగ్ ఉంది. దగ్గర్లో ఉన్నవాళ్లు చెప్పండి, కలిసి వెళ్దాం.