కళాకారుడికి ఒక గుమాస్తా

మా విశాఖపట్నంలో ఎవరికైనా వృద్ధ కళాకారుడికి సాయం చేయాలనిపిస్తే మొదట తోచేది సన్మానం. కళాభారతిలోనో, సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రంలోనో సాయంత్రం సభ పెడతారు. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తారు. శాలువా, పూలదండ, పళ్ల బుట్ట, జ్ఞాపిక, ఫ్రేము కట్టిన సన్మాన పత్రం అన్నీ పది నిమిషాల్లో జరిగిపోతాయి. మర్నాడు జిల్లా పేజీలో ఫోటో వస్తుంది. అందులో కళాకారుడి ముఖం అతిథుల భుజాల మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ రాత్రి ఆయన పెందుర్తికో, గాజువాకకో ఎలా వెళ్లాడని ఎవరూ అడగరు.

సన్మానాలు వద్దని నేను అనను. చప్పట్ల మధ్య బతికినవాడికి అవి అన్నంతో సమానమే. కానీ ఒకటి రెండు గదుల ఇళ్లలో గోడకు చోటు చాలక మంచం కింద పేర్చిన జ్ఞాపికలను చాలా చూశాను. వాటిలో ఒక్కటి కూడా మందుల షాపులో చెల్లదు. మరీ చిత్రమేమిటంటే, ఏ పింఛను దరఖాస్తుకైనా పనికొచ్చేది ఆ సన్మాన పత్రమే. అయితే చాలా వాటి మీద తేదీ ఉండదు, ఇచ్చిన సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు అసలే ఉండదు. 'గానగంధర్వ' అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

నేను పోర్టులో ట్రాఫిక్ విభాగం గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం చేస్తూనే నాటకాలు వేశాను. ఈ ఊళ్లో అది మామూలే. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, యూనివర్సిటీ ఉద్యోగులే ఇక్కడి సాంఘిక నాటకాన్ని భుజాన మోశారు. పగలు ఫైళ్లు, సాయంత్రం రిహార్సళ్లు, సెలవు పెట్టి పరిషత్తు పోటీలు. ఓడిపోయి వచ్చినా ఒకటో తారీఖున జీతం పడేది. ఇప్పుడు పింఛను పడుతోంది. పద్యనాటకం ఆడేవాళ్లు, బుర్రకథ చెప్పేవాళ్లు, తప్పెటగుళ్లు ఆడేవాళ్లు, పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రా వాళ్లు వేరు. వాళ్లకు ఏడాది అంటే సీజను. సంక్రాంతి, శివరాత్రి, అనకాపల్లిలో కొత్త అమావాస్య జాతర, వినాయక చవితి, దసరా, పైడితల్లి పండగ. మధ్యలో వచ్చే ఆషాఢం ఎలా గడుస్తుందో వాళ్లనే అడగాలి. ఒకే వేదిక మీద పక్కపక్కన నిలబడినా మా ఇద్దరి ముసలితనాలు ఒకటి కావు.

రిటైరయ్యాక నాకు మిగిలిన విద్యలు రెండు: డైలాగు గుర్తుంచుకోవడం, దరఖాస్తు నింపడం. మొదటిదాన్ని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. రెండోదానికి మాత్రం గిరాకీ తగ్గలేదు.

మాకు తెలిసిన హార్మోనియం మాస్టారు ఒకాయన ఉన్నారు. రాయబారం సీనులో కృష్ణుడు రాగం ఎంత సాగదీసినా శ్రుతి జారనివ్వని మనిషి. చోడవరం వైపు పల్లెలో పుట్టారు. వయసు డెబ్బై రెండు అని ఆయనా అంటారు, ఆయన తోబుట్టువులూ అంటారు. ఆధార్ కార్డు మాత్రం 1958 జనవరి 1న పుట్టారంటోంది. నమోదు చేసిన కుర్రాడు అడిగితే ఈయన 'సుమారుగా వేసుకో బాబూ' అన్నారట. మన రాష్ట్రంలో జనవరి ఒకటిన పుట్టినవాళ్లందరూ ఒకేసారి పుట్టినరోజు చేసుకుంటే కేకులు చాలవు. ఇక పేరు. ఊళ్లలో కరపత్రాల మీద ఆయన పేరుకు ముందు ఊరి పేరు, వెనక 'మాస్టారు' ఉంటాయి. ఆధార్‌లో ఇంటిపేరు, తాతగారి పేరు కలిపిన నాలుగు మాటల పేరు. ఆ ఇద్దరూ ఒకరే అని ప్రభుత్వానికి ఎవరు చెప్పాలి?

ఆయన దగ్గర పాత కాగితాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను రేకుల కప్పు ఎగరేసుకుపోయింది. పెట్టెలో నీళ్లు నిలిచాయి. హార్మోనియం మెట్లు ఆరబెట్టి బాగుచేయించుకున్నారు కానీ కాగితాలు ముద్ద అయిపోయాయి. ఆ తుపాను లెక్కల్లో చెట్లు, స్తంభాలు, విమానాశ్రయం కప్పు అన్నీ వచ్చాయి. ఒక మనిషి ముప్పై నలభై ఏళ్లు వాయించాడనే రుజువు పోవడం ఏ పద్దు కింద రాయాలి?

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖకు వృద్ధ కళాకారుల ఆర్థిక సహాయ పథకం ఉంది. దాని మూలం 1961 నాటిది. వయసు 60 దాటాలి, ఏడాది ఆదాయం 72,000 రూపాయలు మించకూడదు, నెలకు 6,000 రూపాయల దాకా ఇస్తారు. చదవడానికి బాగుంటుంది. కానీ 72,000 అంటే నెలకు ఆరు వేలు. మధురవాడ అపార్ట్‌మెంటులో రాత్రిపూట కాపలా కాసే ఒకప్పటి దుర్యోధనుడికి అంతకన్నా ఎక్కువే వస్తుంది. ఆకలితో కూర్చుంటే అర్హుడు, గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటే అనర్హుడు. ఈ హద్దు ఎవరు గీశారో గాని, వాళ్లు ఈ మధ్యకాలంలో మందుల బిల్లు కట్టి ఉండరు.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకు ఒక మాట చెబుతాను. మొదట కళ సంగతి పక్కన పెట్టండి. మామూలు పౌరుడిగా రావలసినవి ముందు రాబట్టుకుందాం. 70 ఏళ్లు నిండితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం. ఇది 2024 అక్టోబరులో మొదలైంది. రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, ఇంటి దగ్గరే చేతిలో పెడతారు. డప్పు కళాకారులకు ఆ పింఛన్లలోనే ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. చాలా మంచి పని అది. వయసులో ఉన్న ఆర్కెస్ట్రా పిల్లలు, డ్యాన్సు పిల్లలు అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర పోర్టల్ ఈశ్రమ్‌లో పేరు రాయించుకోవాలి. 59 దాటితే అందులో చేర్చుకోరు కాబట్టి వాయిదా వేయవద్దని బతిమాలుతుంటాను. వాళ్లు నవ్వి, వచ్చే నెల చూద్దాం అంకుల్ అంటారు. ఆ వయసులో నేనూ అలాగే అనేవాడినేమో, కాకపోతే నాకు పోర్టువాళ్లు బలవంతంగా ప్రావిడెంటు ఫండు కోసేవారు.

మాస్టారికి వయ వందన కార్డు రావడం లేదు. కారణం ఆ 1958. పుట్టిన తేదీ దిద్దించాలంటే ఆయనకు జనన ధ్రువపత్రం కావాలి. ఇన్నేళ్లకు జననం నమోదు చేయించాలంటే రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి. దానికి బడి రిజిస్టరు. బడి ఉంది, రిజిస్టరు ఎక్కడుందో వెతకాలి. ఇలా ఒక ముసలాయన గుండె పరీక్ష చివరికి ఒక పల్లెటూరి బడి బీరువా తాళం దగ్గర ఆగింది.

మా పెద్దమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ ఎంగిల్‌వుడ్ అనే ఊళ్లో నటులు, రంగస్థల కార్మికులు వృద్ధాప్యంలో ఉండే ఆశ్రమం ఒకటి ఉంది. దాన్ని నడిపే సంస్థ 1882లో యాక్టర్స్ ఫండ్ పేరుతో పుట్టింది, 2022 నుంచి ఎంటర్‌టైన్‌మెంట్ కమ్యూనిటీ ఫండ్. పేరు మార్చడంలో విషయం ఉంది. నటులకే కాదు, దీపాలు వేసేవాళ్లు, దుస్తులు కుట్టేవాళ్లు, టికెట్లు చించేవాళ్లు అందరికీ అది వర్తిస్తుందని చెప్పడానికి. ఆ సంస్థ తొలినాళ్లలో చేసిన పనుల్లో నటుల అంత్యక్రియలు ఒకటి. బ్రూక్లిన్‌లో వాళ్లకోసం శ్మశాన స్థలం కూడా కొన్నారు. మన సంఘాలు మట్టి ఖర్చులకు చందాలు వేసుకోవడం గుర్తొచ్చింది. దూరం ఎంతైనా మొదలయ్యేది అక్కడే కాబోలు. కానీ వాళ్లు అక్కడ ఆగలేదు. అద్దె కట్టలేని గాయనికి అత్యవసర సాయం ఇస్తూనే, ఆమె పక్కన కూర్చుని ఏ బీమాకు అర్హురాలో చూసి కాగితాలు నింపించే మనుషులను జీతాలిచ్చి పెట్టుకున్నారు. మా అమ్మాయి ఫోనులో ఇదంతా చెబుతుంటే ఆశ్రమం ఫోటోల కన్నా నాకు ఆ ఉద్యోగాల మీదే మనసు పోయింది.

ఇటలీలో మిలాన్ నగరంలో ఇంకొకటి ఉంది. సంగీతకర్త వెర్డీ తన డబ్బుతో వృద్ధ సంగీతకారుల కోసం ఇల్లు కట్టించాడు. తాను బతికుండగా దాన్ని తెరవవద్దన్నాడు, ఎవరూ వచ్చి కృతజ్ఞతలు చెప్పకూడదని. ఆయన 1901లో పోయాడు, 1902లో వాళ్లు అందులోకి వచ్చారు. ఆయన రచనల రాయల్టీలతోనే ఆ ఇల్లు దశాబ్దాలు నడిచింది. మన సభల్లో దాత ప్రసంగం వినేటప్పుడు నాకు ఈ మనిషి గుర్తొస్తుంటాడు.

మనకూ ఉదాహరణలు లేకపోలేదు. 2020లో సినిమా షూటింగులు ఆగిపోతే చిరంజీవి ముందుండి కరోనా క్రైసిస్ చారిటీ పెట్టారు. సినీ కార్మికుల ఇళ్లకు సరుకులు వెళ్లాయి. అది చకచకా జరగడానికి దాతల మంచితనం ఎంత కారణమో, సంఘాల దగ్గర సభ్యుల జాబితాలు సిద్ధంగా ఉండడం అంత కారణమని నా నమ్మకం. ఆ ఏడాదే మా దగ్గర జాతరలు ఆగిపోయాయి. సాయం చేస్తామని ఫోన్లు చేసినవాళ్లు ఉన్నారు. ఎవరికి చేయాలి అంటే చెప్పడానికి జాబితా లేదు. ఎవరి ఫోనులో ఎవరి నంబరు ఉంటే వాళ్లకు అందింది. ఊరవతల ఉండే జముకుల కథ వాళ్ల నంబరు ఎవరి ఫోనులోనూ లేదు.

ఆడవాళ్ల సంగతి ఇంకొంచెం వేరు. చంద్రమతిగా, సత్యభామగా ఊళ్లు ఏలిన ఒకావిడ ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటోంది. మోకాళ్లు పోయాయి. ఒక సంస్థ పాతికవేలు ఇస్తానంది, సభలో చెక్కు అందుకోవాలంది. ఆవిడ నాతో చెప్పిన మాట ఇది: "తమ్ముడూ, డబ్బిస్తే దండం పెట్టి తీసుకుంటాను. ఫోటో మాత్రం వద్దు. మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం. వాళ్ల నాయనమ్మ నాటకాల్లో వేసిందని పేపర్లో వేయించి మరీ చెప్పాలా?" సంస్థవాళ్లు తమ సభ్యులకు ఏదో ఒకటి చూపించాలన్నారు. చివరికి ఆవిడ వెళ్లలేదు, చెక్కు రాలేదు. ఇద్దరిలో ఎవరి మీదా నాకు కోపం లేదు అంటే అబద్ధం అవుతుంది. సంస్థ మీద ఉంది. రసీదు రాసుకుని సంతకం పెట్టించుకుంటే సరిపోయే లెక్కకు ఒక మనిషి ముఖం ఎందుకు?

ఇప్పుడు మేము చేస్తున్నది చిన్న పని. పెద్ద పేరేమీ పెట్టలేదు. ఒక్కొక్క కళాకారుడికి ఒక ప్లాస్టిక్ ఫైలు. అందులో ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు. రంగస్థల పేరు, అసలు పేరు ఒకరివే అని నోటరీ అఫిడవిట్. కరపత్రాలు, ఫోటోలు, ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రంలో పాడినవాళ్లయితే ఆ కాంట్రాక్టు కాగితాలు. ఆకాశవాణి కాగితం దొరికితే పండగే, తేదీ, పేరు, పారితోషికం అన్నీ టైపు చేసి ఉంటాయి. అన్నింటినీ స్కాన్ చేసి రెండు చోట్ల దాస్తున్నాం, ఇంకో తుపాను వచ్చినా పోకుండా. ఖర్చు జిరాక్సులది, నోటరీది. అడిగితే కాదనేవాళ్లు లేరు, పైగా ఈ ఖర్చుకు ఇచ్చేవాళ్లు వేదిక అడగరు.

మాస్టారి కళాకారుల పింఛను ఫైలు ఒక కార్యాలయానికి పంపితే, అనుభవానికి రుజువుగా నాటక సమాజం వారి నియామక ఉత్తర్వు జతచేయమని తిరిగి వచ్చింది. నియామక ఉత్తర్వు! పద్యనాటకంలో నియామకం అంటే కంట్రాక్టరు తాంబూలంలో పెట్టి ఇచ్చే అడ్వాన్సు. అది మర్నాటికే బియ్యం అయిపోతుంది.

బదులుగా భీమిలి వైపు ఒకరింట్లో దొరికిన కరపత్రం పంపాం. హార్మోనియం అన్న చోట ఆయన పేరు స్పష్టంగా ఉంది. తేదీ లేదు. 'శ్రీ రుధిరోద్గారి నామ సంవత్సర భీష్మ ఏకాదశి రాత్రి' అని ఉంది. ఈ తేదీ ఇంగ్లీషు క్యాలెండరులో లేదన్నారు. రుధిరోద్గారి అంటే 1983-84, భీష్మ ఏకాదశి మాఘంలో వస్తుంది కాబట్టి 1984 ఫిబ్రవరి అని ఒక పేజీ వివరణ రాసి, పాత పంచాంగం జిరాక్సు జతచేసి, కింద సంతకం పెట్టి మళ్లీ పంపాను. అది ఇప్పుడు పరిశీలనలో ఉంది.

మీ ఇళ్లలో అటకల మీద పాత కరపత్రాలు, జాతర వాల్ పోస్టర్లు, పెళ్లి ఆల్బముల్లో ఆర్కెస్ట్రా ఫోటోలు ఉంటే పారేయకండి. ముఖ్యంగా శ్రీకాకుళం నుంచి తుని దాకా. మూలప్రతి మీ దగ్గరే ఉంచుకోండి, ఫోటో తీస్తే చాలు. కింద చిన్న అక్షరాల్లో ఉండే పేర్లు స్పష్టంగా పడేలా తీయండి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్నవాళ్ల కాగితాలు ఎలాగూ ఎవరో ఒకరు దాచే ఉంటారు.