పట్టా ఇచ్చిన రోజే బడికి రాయి పాతాలి

విజయనగరం నలువైపులా పెరుగుతోంది. గాజులరేగలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. అంతకు ముందు ఏడాదే ఇక్కడి జేఎన్‌టీయూ కాలేజీ గురజాడ పేరుతో యూనివర్సిటీ అయింది. పెద్ద సంస్థలకు స్థలం ఎలాగో ఒకలా దొరుకుతుంది. ఆరేళ్ల పిల్ల నడిచి వెళ్లే బడికి, నెలలు నిండిన తల్లి ఎండలో నడిచి వెళ్లే హెల్త్ సెంటర్‌కి మాత్రం దొరకదు. ఇళ్లు లేచాక అడిగితే మిగిలేది గెడ్డ (వాగు) ఒడ్డో, హైటెన్షన్ తీగల కిందో.

ప్రభుత్వం పేదలకు ఇళ్ల పట్టాలిచ్చిన గుంకలాం కాలనీనే చూడండి. సుమారు 397 ఎకరాలు, 12 వేలకు పైగా ప్లాట్లు. ఇంటికి నలుగురు చొప్పున అన్ని ఇళ్లూ నిండితే 48 వేల మంది. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం పట్టణం మొత్తం రెండు లక్షల 28 వేల చిల్లర. అంటే అప్పటి ఊళ్లో ఐదో వంతు ఒక్క కాలనీలో ఉంటుంది.

ఈ 48 వేలను విడగొడితే అసలు పని కనిపిస్తుంది. మన రాష్ట్రంలో వెయ్యి మందికి ఏడాదికి సుమారు 16 కాన్పులు. ఆ లెక్కన ఇక్కడ 750 దాకా ఉంటాయి. ఒక్కో గర్భిణికి కనీసం నాలుగు పరీక్షలు, అంటే ఏడాదికి మూడు వేల సార్లు ఎవరో ఒకరు రక్తం, బీపీ, బరువు చూడాలి. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు 3,750 మంది. విద్యాహక్కు చట్టం చెప్పిన 30 మందికి ఒక టీచరు చొప్పున 125 మంది టీచర్లు కావాలి. 800 మందికి ఒకటి అనుకున్నా అంగన్‌వాడీలు 60. పట్టణ ఆరోగ్య మిషన్ కొలత ప్రకారం 50 వేల మందికి ఒక అర్బన్ హెల్త్ సెంటర్, పది వేలకు ఒక ఏఎన్‌ఎం (కాన్పులు, టీకాలు చూసే నర్సు).

ఇక నేల. కేంద్ర పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు 2014లో చెప్పినదాని ప్రకారం ఐదు వేల మందికి ఒక ప్రాథమిక పాఠశాల, దానికి 0.40 హెక్టారు, మన లెక్కలో ఎకరం. ఏడున్నర వేల మందికి ఒక హైస్కూలు, దానికి 1.80 హెక్టార్లు, అంటే దాదాపు నాలుగున్నర ఎకరాలు. డిస్పెన్సరీ 15 వేల మందికి ఒకటి, 20 నుంచి 30 సెంట్లు. కలిపితే ప్రాథమికానికి పది, హైస్కూళ్లకు 27, డిస్పెన్సరీలకు ఎకరం లోపు. మొత్తం 38 ఎకరాలు, కాలనీలో పదో వంతు. లేఅవుట్లలో మామూలుగా వదిలే ఖాళీ స్థలం కూడా పది శాతమే. అందులోనే పార్కు, అందులోనే వాటర్ ట్యాంకు. చాలదన్న సంగతి కాగితం మీదే తెలిసిపోతోంది కదా. కొందరు ప్రైవేటు బడికి వెళ్తారు నిజమే, అయినా సగానికి తగ్గించకూడదు. ప్రాథమికం, హైస్కూలు ఒకే ఆవరణలో పెట్టి పైఅంతస్తు వేస్తే నేల కొంత కలిసొస్తుంది.

అన్నీ ఒకేసారి కట్టాలని కాదు. కొత్త కాలనీకి మొదట వచ్చేది పడుచు జంటలు. అందుకే కాన్పులు రాష్ట్ర సగటును మించుతాయి. మొదటి రెండు మూడేళ్లూ ఒత్తిడంతా టీకాల మీద, అంగన్‌వాడీ మీద. తర్వాత ఒకటో తరగతి నిండుతుంది, హైస్కూలు వంతు ఆపైన ఐదేళ్లకు. కట్టడం వంతులవారీగా చేయొచ్చు గానీ నేల మాత్రం మొదటి రోజే తీసిపెట్టాలి.

ఎంత మంది వచ్చారో పట్టాలు లెక్కపెడితే తేలదు. తాళం వేసిన ఇళ్లుంటాయి, పునాది దగ్గర ఆగినవీ ఉంటాయి. కరెంటు మీటర్లలో వరసగా మూడు నెలలు యూనిట్లు తిరిగినవి ఎన్నో చూడండి, కాపురం ఉన్న ఇళ్లు అవే. ఆ సంఖ్యను ఆశా కార్యకర్త ఇంటింటి సర్వేతో సరిచూస్తే చాలు.

దూరం దగ్గర జరిగే తప్పు మరొకటి. ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు ఉండాలని మ్యాపు మీద వృత్తం గీస్తారు. విజయనగరంలో హౌరా–చెన్నై లైనూ రాయ్‌పూర్ లైనూ కలుస్తాయి. రైలు పట్టాలకు అవతల ఉన్న బడి వృత్తంలో పడుతుంది గానీ, పిల్ల గేటు దాకా వెళ్లి, గూడ్సు పోయేదాకా నిలబడి, చుట్టు తిరిగి రావాలి. బ్యాగు మోసుకున్న ఆరేళ్ల పిల్ల నడిచే దారినే కొలవాలి. పట్టాలూ హైవే దాటించే బడిని ఆ కాలనీ లెక్కలో వేయకూడదు.

ఆసుపత్రి విషయంలో దూరం కన్నా వేళలే ముఖ్యం. అడ్డా కూలీ పొద్దున్నే బయల్దేరి చీకటి పడ్డాక వస్తాడు. ఓపీ పగటిపూటే ముగిస్తే బీపీ మాత్రలకు ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి, లేదా మాత్రలే మానేయాలి. చాలామంది మానేస్తారు. మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా ఓపీ నడపాలని పట్టణ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. అయితే కార్పొరేషన్ హద్దు బయట పంచాయతీలో ఉన్న కాలనీలకు ఆ మిషన్ వర్తించదు. వాటికి గ్రామీణ కొలత, ఐదు వేలకు సబ్‌సెంటర్, 30 వేలకు పీహెచ్‌సీ. ఆ పోస్టులు ఎవరు అడగాలో కార్పొరేషన్, పంచాయతీ, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ముందే కూర్చుని రాసుకోకపోతే ఏళ్లు గడిచినా ఫైలు కదలదు.

స్థలం కాపాడే పద్ధతి కూడా ఉంది. స్థలం రాసిచ్చే గిఫ్ట్ డీడ్ రిజిస్టరు అవ్వాలి. ఆ సర్వే నంబరును విస్తీర్ణంతో సహా 22ఏ (నిషేధిత భూముల) జాబితాలో చేర్పించాలి, అప్పుడు మరొకరి పేరున రిజిస్ట్రేషన్ జరగదు. ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లో (సర్వే శాఖ కొలతల పటంలో) హద్దు గీయించి, నాలుగు మూలలా రాళ్లు పాతి, బడికో హెల్త్ సెంటర్‌కో అని బోర్డు పెట్టాలి. 2014 అక్టోబరు హుద్‌హుద్ లాంటి వాన పడితే నీరు ఎంత ఎత్తున నిలుస్తుందో చుట్టుపక్కల పాత ఊరి రైతుల్ని అడగండి. ఫ్లోరు ఆ గుర్తుకు పైన ఉండాలి, టీకాల ఫ్రిజ్ ఉండే గది అన్నిటికన్నా ఎత్తున ఉండాలి.