పెద్దది తండ్రి కాదు, కొడుకు

కాగజ్‌నగర్‌లో రైలెక్కి టిఫిన్ డబ్బా విప్పి తినేలోపే బల్లార్షా వస్తుంది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు కానీ, పక్కనే ఉన్న తాడోబా పులుల అడవి చూడటం మాత్రం ఈ ఎండాకాలమే. బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన మా మామ జిప్సీ బుక్ చేయించాడు. "ఎండలు ముదిరినయి. నీళ్ల కాడికి రాక యాడికి పోతయ్?" అన్నాడు.

మొహర్లి గేటు దగ్గర ఫోన్లు తీసుకున్నారు. లోపల రెండు గంటలు దుప్పులు, నెమళ్లు, దుమ్ము. ఒకచోట గైడు బండి ఆపించి దారిమీది అడుగులు చూపించాడు. అచ్చు చదరంగా ఉంటే మగది, కాస్త నిలువుగా సన్నగా ఉంటే ఆడదట. ఇక్కడ రెండూ ఉన్నాయి.

చెట్టు మీద కొండముచ్చు అరిచింది. కుంట గట్టు మీదికి మూడు పులులు వచ్చాయి. అన్నిటికంటే పెద్దది ముందుకొచ్చి, వెనక్కి తిరిగి, వెనక కాళ్లతో మెల్లగా నీళ్లలోకి దిగి కూర్చుంది. ముఖానికి చుక్క తగలనివ్వలేదు. మా అత్త పట్టుచీర కట్టుకుని బెంచీ మీద కూర్చునే తీరు అది.

"తండ్రి గదా?" అన్నాను గొప్పగా. గైడు నవ్వాడు. అది కొడుకట, ఏడాదిన్నర ఉంటుందట. వెనక నిలబడి మావైపే చూస్తున్న చిన్నది తల్లి. మూడోది కూతురు. ఎదిగిన మగది రెండు వందల కిలోలు దాటుతుంది, ఆడది నూటయాభై దాటడమే అరుదు. అందుకే ఈ వయసుకే కొడుకు తల్లిని మించిపోతాడు.

తండ్రి పిల్లల్ని పెంచడు. అతని కాపలా ఉన్నంతకాలం కొత్త మగపులి వచ్చి కూనల్ని చంపదు, అంతే. 2022లో ముసలితనంతో పోయిన వాఘ్‌డోహ్ అనే మగపులి ఇక్కడ ఎన్నో కూనలకు తండ్రి.

రెండేళ్లు నిండేసరికి పిల్లలు విడిపోతాయి. మన ఇళ్లలో ఆడపిల్ల అత్తారింటికి పోతుంది. ఇక్కడ కూతురికి చాలాసార్లు తల్లి పొలిమేరలోనే జాగా దొరుకుతుంది, కొడుకే ఊరొదిలి పోవాలి. "ప్రాణహిత దాటి మీ దిక్కే వస్తడేమో" అన్నాడు మామ.

గేటు బయట ఫోన్ చేతికి రాగానే అమ్మకు చేశాను. ఎంత పెద్దదిరా అని అడుగుతుందనుకున్నా.

"ఇటు రాదు గదా?" అంది.