కొడుకు రాని శబరిమల యాత్ర

తాగే కొడుకున్న ఇంటికి కార్తీకం వస్తే చాలు, చుట్టాలంతా ఒకటే మాట: "మాల వేయించండి, తాగుడు వాడే మానేస్తాడు." మా ఇంట్లో మాల వాడికి వేయించలేదు, నేనే వేసుకున్నాను. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడు, నాలుగు రోజులకి కొందరికి లేనివి కనిపిస్తాయి, ఒళ్లు కాలిపోతుంది, ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టరు. పీఠం దగ్గర ఇలా జరిగితే పూనకం అనుకునే ప్రమాదం ఉంది, కానీ ప్రాణం పోయే స్థితి అది. కాబట్టి వాడే మాల అడిగినా ముందు డాక్టరు పర్యవేక్షణలో వారం పది రోజులు మందులు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు. గురుస్వామి దగ్గరికి ఆ తర్వాతే, అదీ విషయం దాచకుండా. కూరలో గుట్టుగా కలిపే "మాన్పించే మందు" జోలికి అసలు పోవద్దు. దాని మీద తాగితే బీపీ పడిపోయి గుండెకే ముప్పు.

మండల దీక్ష 41 రోజులు. చన్నీళ్ల స్నానం, నేల పడక, ఒంటిపూట భిక్ష అందరికీ ఉన్నవే. వాటికి తోడు ఇంటి కోసం మరికొన్ని పెట్టుకున్నాను. డబ్బు చేతికివ్వను, ఆకలంటే అన్నం పెడతాను. వాడి ఆఫీసుకు "జ్వరం" అని ఫోన్ చెయ్యను. తాగి ఉన్నప్పుడు వాదించను, మాట్లాడాల్సింది పొద్దున టిఫిన్ దగ్గరే. గుమ్మంలోకి వచ్చిన అప్పులవాళ్లకి ఒకటే జవాబు: హామీ సంతకం నాది లేదు, మేజరైన కొడుకు బాకీ నేను కట్టను. ఇక దీక్షలో కొడుకునైనా స్వామీ అనే పిలవాలి కదా, తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

ఈ నియమాలు ఎక్కువగా చెడేది తల్లి దగ్గర. పోపుల డబ్బాలోంచి ఒక్క రెండొందలు వెళ్లినా అంతా మొదటికే. అమ్మ దగ్గర అరిస్తే పనవుతుందని వాడికి తెలిసిపోతుంది. పైగా డబ్బు ఆగిన కొత్తలో అరుపులు పెరుగుతాయే గానీ తగ్గవు. "చస్తాను" అంటే మాత్రం బెదిరింపని కొట్టిపారేయకూడదు. ఒంటరిగా వదలకుండా, ఇంట్లో పురుగుమందు, మాత్రలు తీసేసి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కి ఫోన్ చెయ్యాలి. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. చెయ్యి చేసుకుంటే 112.

ఇరుముడి కట్టేముందు ఇల్లు మా బావమరిదికి అప్పగించాను. ఫిట్స్, ఆత్మహత్య మాట, పోలీసులు. ఈ మూడింటికే నాకు ఫోన్. తాగొచ్చాడు, అన్నం తినలేదు, ఇవి చెప్పొద్దన్నాను. కొండ మీద సిగ్నల్ ఎటూ సరిగా అందదు.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో చెంగన్నూరు దిగి, అక్కణ్నించి పంబకి బస్సు, సుమారు 90 కిలోమీటర్లు. దర్శనానికి వర్చువల్ క్యూ ముందే బుక్ చేసుకోవాలి. పంబలో స్నానం, గణపతి దర్శనం అయ్యాక సన్నిధానానికి దాదాపు 5 కిలోమీటర్ల నడక. నీలిమల దగ్గర నిట్టనిలువు ఎక్కుడు. నిద్రలేని తండ్రులకి బీపీ ఉండడం మామూలే, ఉపవాసమని మాత్ర మానేసి ఇక్కడ కూలబడేవాళ్లున్నారు. బీపీ, సుగరు మాత్రలు దీక్షలోనూ వేసుకోవాల్సిందే. దారిలో వైద్య కేంద్రాలు, ఆక్సిజన్ పార్లర్లు ఉంటాయి, శొంఠి నీళ్లు ఇస్తారు.

అప్పాచిమేడు దాకా కాళ్ల మీదే ధ్యాస. ఆపైన నడక కాస్త తేలికవుతుంది, మనసు లెక్కలు తీస్తుంది. హాస్టల్లో వెయ్యకుండా ఉంటేనా? పెళ్లి తొందరపడి చేశామా? 1951లో అమెరికాలో తాగేవాళ్ల కుటుంబాల కోసం మొదలైన ఆల్-ఆనాన్ బృందాల్లో మూడు మాటలు చెప్పుకుంటారు: ఈ జబ్బు నేను తేలేదు, నేను అదుపు చెయ్యలేను, నేను నయం చెయ్యలేను. మూడోది ఒప్పుకోవడమే కష్టం. శరణుఘోషకీ శరణుఘోషకీ మధ్య అదే తిప్పుకుంటూ శరంగుత్తి దాటాను. పదునెట్టాంబడి, అంటే ఆ పద్దెనిమిది మెట్లు, ఎక్కాలంటే నెత్తిన ఇరుముడి ఉండాలి, వెనకవాళ్లు తోస్తుంటారు, అక్కడ ఏ ఆలోచనకీ చోటుండదు. నెయ్యాభిషేకానికి రాత్రి చేరినవాళ్లు తెల్లవారేదాకా ఆగాలి.

తిరిగొచ్చాక మాల విరమణ. అరవణ డబ్బా తెరిచి వాడికీ ఓ చెంచా పెట్టండి, కానీ ప్రసాదం మీద ఒట్టు మాత్రం వేయించుకోవద్దు. వ్యసనం ఉన్నవాడు ఒట్టు వేసేటప్పుడు నిజంగానే వేస్తాడు, నిలుపుకోలేడు. తప్పాక మొహం చూపించలేక రెండు రోజులు ఇంటికి రాడు, ఆ సిగ్గుతో ఇంకా తాగుతాడు. డాక్టరు అపాయింట్‌మెంటు తేదీ అడగండి, చాలు.