ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి వంట

ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తూ, పిల్లలు బడికి వెళ్తూ ఉంటే, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ ఇంటి ఖర్చూ ఆరోగ్యమూ పడుకునే వేళా చాలావరకు రాత్రి వంట మీదే ఆధారపడి ఉంటాయి. హైదరాబాదులో మేమిద్దరమూ ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది, పిల్లలు ఎనిమిదింటికల్లా ఆకలి అంటారు. ఆ గంటలో ఏం వండాలో తోచక బయటి నుంచి తెప్పించుకునే ఇళ్ళు మా చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా వండుతూ వచ్చాక నాకు కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, త్వరగా అయ్యే వంటల కోసం మనం ఎక్కడెక్కడో వెతకనక్కరలేదు. పగలంతా పొలంలోనో, ఇంటి చాకిరీలోనో గడిపి దీపాలవేళకు పొయ్యి వెలిగించిన మన అమ్మమ్మలూ నాయనమ్మలూ వండిన వంటలు అరగంటలో అయ్యేవే. వాటికి కావలసిందల్లా పొద్దున ఇంట్లోంచి బయలుదేరే ముందు రెండు నిమిషాల ముందుచూపు.

ముందుగా, మధ్యాహ్నపు భోజనం లెక్క రాత్రికి వర్తించదని ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి. కూర, పప్పు, పులుసు, పచ్చడి, పెరుగు అన్నీ విస్తట్లో ఉండాలనుకుంటే ఎంత చేయి తిరిగినవారికైనా గంటన్నర పడుతుంది. మా ఇంట్లో రాత్రికి అప్పటికప్పుడు వండేది ఒక్కటే ఉంటుంది. దానికి తోడు పుల్లగా జారుగా ఒకటి, సీసాలోంచి తీసే పొడో పచ్చడో ఒకటి, చివర మజ్జిగ. ఈ కట్టుబాటు కుదిరాక ఏం వండాలన్న ఆలోచనకు పట్టే సమయం కూడా తగ్గింది, నిజానికి ఎక్కువ సమయం పోయేది ఆ ఆలోచనకే.

కుక్కరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. కుక్కరులో ఆవిరి ఒత్తిడి వల్ల నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అందుకే మామూలు గిన్నెలో ముప్పావుగంట పట్టే కందిపప్పు అందులో పావుగంటలో మెత్తబడుతుంది. అయినా చాలామంది ఇళ్ళలో పప్పు పలుకుగానే మిగిలిపోయి, మళ్ళీ మూత పెట్టి మరో రెండు విజిల్స్ రానివ్వవలసి వస్తుంది. అందుకు సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి. ఒకటి చింతపండు: పులుపు తగిలితే పప్పు గింజ మెత్తబడటం ఆలస్యమవుతుంది కనుక, పప్పు ఉడికి మెదిపిన తరువాతనే చింతపండు రసం పోయాలి. రెండోది నీరు: బోరు నీళ్ళలో ఉండే సున్నపు లవణాలు కూడా పప్పును ఉడకనివ్వవు కనుక, మా ఇంట్లో పప్పుకు తాగే నీళ్ళే పోస్తాము. ఇల్లు చేరగానే చేతులు కడుక్కుని కందిపప్పు కడిగి వేడినీళ్ళలో నానబెడితే, బట్టలు మార్చుకుని పిల్లల పుస్తకాల సంచీలు సర్దేలోపు అది నానుతుంది. తరువాత కుక్కరు అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పోసి, కింది గిన్నెలో పసుపు, నాలుగు చుక్కల నూనె వేసిన పప్పు, పై గిన్నెలో ఒకటికి రెండు కొలత నీళ్ళతో బియ్యం పెడితే, అన్నమూ పప్పూ ఒకే మంట మీద అయిపోతాయి. ఆ నాలుగు చుక్కల నూనె పప్పు పొంగి విజిల్‌కు అడ్డుపడకుండా ఉండటానికి.

పప్పు ఉడుకుతుండగా చేసుకోగలిగిన వాటిలో పచ్చిపులుసును మించినది లేదని నేను నమ్ముతాను. మా అత్తగారిది వరంగల్ వైపు, నేను పుట్టి పెరిగింది కృష్ణా జిల్లాలో. పెళ్ళయ్యేదాకా పులుసు అంటే మరగాలన్నదే నాకు తెలుసు. మా అత్తగారు పొయ్యి మీద పెట్టకుండానే పులుసు చేసి, వేడివేడి ముద్దపప్పుతో కలిపి పెట్టినప్పుడు, రాత్రి పూటకు ఇంతకన్నా తగిన వంట ఇంకొకటి ఉంటుందా అనిపించింది. నిమ్మకాయంత చింతపండును గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి రసం తీయాలి. నాలుగు పచ్చిమిరపకాయలను మంట మీద కాల్చి, ఉప్పుతో కలిపి చేత్తో నలపాలి, అందులోనే సన్నగా తరిగిన ఉల్లిపాయలను కూడా కాస్త పిసకాలి. చింతపండు రసం, తగినన్ని నీళ్ళు, చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర వేసి, వేయించి దంచిన నువ్వుల పొడి ఒక చెంచా కలిపి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టాలి. నువ్వుల పొడి మానేస్తే పులుసు తేలిపోతుంది, దాని చిక్కదనమంతా ఆ పొడిదే. కుక్కరు చల్లారేలోపు ఇది సిద్ధమవుతుంది. వేసవిలో చింతపండుకు బదులు పుల్లమామిడికాయను కాల్చి, తొక్క తీసి, గుజ్జు కలిపితే పిల్లలు పులుసును గ్లాసులో పోసుకుని తాగుతారు.

అన్నం వద్దనుకునే రోజు మాకు పెసరట్టు. ఇడ్లీ, దోసెల పిండి పులియాలి, పెసరట్టు పిండి పులియనక్కరలేదు, ఉద్యోగస్తులకు దీనిలోని గొప్ప సౌలభ్యం అదే. పొద్దున బయలుదేరే ముందు పొట్టు పెసలు, గుప్పెడు బియ్యం కలిపి నానబోసి వెళ్తే, సాయంత్రం అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బడమే మిగులుతుంది. ఎండాకాలంలో గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళాలి, లేకపోతే మనం వచ్చేసరికి నీళ్ళు నురగ కట్టి వాసన వస్తాయి. వంద గ్రాముల పెసల్లో ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజు మొత్తం మీద మనకు అందే శక్తిలో తృణధాన్యాల వాటా 45 శాతానికి మించకుండా చూసుకోవాలి. మూడు పూటలా అన్నమో, ఇడ్లీయో, ఉప్మాయో తినే మనకు ఆ హద్దు దాటడం చాలా తేలిక కాబట్టి, వారంలో రెండు రాత్రులైనా పెసలో, పప్పో, గుడ్డో పళ్ళెంలో ఎక్కువ చోటు తీసుకోవాలన్నది నా పట్టుదల. హోటళ్ళలో లాగా పెసరట్టులో ఉప్మా పెట్టాలని పిల్లలు అడుగుతారు. రాత్రి పూట నేను దానికి ఒప్పుకోను, ఉల్లిపాయ ముక్కలూ జీలకర్రా చల్లిన అట్టు, ఆదివారం చేసి పెట్టుకున్న అల్లం పచ్చడి చాలు.

మా వైపు వంటల్లో ఉప్పుడు పిండిని ఈ కాలపు వాళ్ళు మరచిపోతున్నారన్న బాధ నాకు ఉంది. బియ్యపు రవ్వ ఇంట్లో ఉంటే ఇది ఇరవై అయిదు నిమిషాల వంట. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె వేసి ఆవాలు, మినపప్పు, శనగపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, అల్లం, ఇంగువ, కరివేపాకు వేగాక, గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల నీళ్ళు పోసి, ఉప్పు, నానిన పెసరపప్పు గుప్పెడు వేసి మరగనివ్వాలి. రవ్వ పోసి ఉండ కట్టకుండా కలిపి, మంట బాగా తగ్గించి మూత పెట్టి మరచిపోవాలి. అది మగ్గుతున్న పావుగంటా మనం పొయ్యి దగ్గర నిలబడనక్కరలేదు, పిల్లల లెక్కల హోంవర్క్ చూసుకోవచ్చు. అడుగున ఎర్రగా కట్టే మాడు కోసం మా ఇంట్లో ప్రతిసారీ తగాదా జరుగుతుంది. కొత్త ఆవకాయ ఉన్న రోజుల్లో దీనికి ఇంకేమీ అక్కరలేదు, మిగతా రోజుల్లో చింతకాయ పచ్చడి, గడ్డ పెరుగు.

కూర చేయదలచుకుంటే కూరగాయను రుచిని బట్టి కాక, తరగడానికీ ఉడకడానికీ పట్టే సమయాన్ని బట్టి ఎంచుకోవాలి. బీరకాయ తన నీళ్ళతోనే పది నిమిషాల్లో మగ్గుతుంది, పాలకూర, తోటకూర అంతకన్నా త్వరగా అవుతాయి. లేత సొరకాయ, వంకాయ కూడా ఆ కోవలోవే. దొండకాయ వేపుడు, ఈనెలు తీయవలసిన చిక్కుడు, కడిగి తడి ఆరబెట్టవలసిన బెండకాయ ఆదివారానికి వదిలేయడం మంచిది. బీరకాయ మగ్గుతుండగా రెండు గుడ్లు కొట్టిపోసి కలిపితే అదే నిండైన కూర అవుతుంది. గుడ్ల మాట వచ్చింది కనుక చెప్తున్నాను, ఉల్లిపాయలు ఎక్కువ వేసి చేసిన కోడిగుడ్డు పొరటు, మిరియాల చారు, అన్నం, ఇంతకు మించిన శుక్రవారపు భోజనం మా పిల్లలకు లేదు. అందులో వారి అమ్మకు పడే శ్రమ పదిహేను నిమిషాలు కూడా ఉండదు.

త్వరగా అయ్యే వంటల జాబితాల్లో సర్వపిండిని చేర్చడం నాకు సరిగా అనిపించదు. బియ్యపు పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు, కారం కలిపి గిన్నె అడుగున ఒత్తి, మధ్యమధ్య వేలితో గుంటలు చేసి, నూనె వేసి, మూత పెట్టి సన్నని మంట మీద కాల్చాలి. ఒకటి అయ్యాక ఆ వేడి గిన్నెలో మళ్ళీ పిండి ఒత్తలేము, చల్లారేదాకా ఆగాలి. నలుగురికి నాలుగు చేయాలంటే రెండు గిన్నెలు మార్చి మార్చి పెట్టుకున్నా గంట గడిచిపోతుంది. అంత రుచైన వంటను హడావుడిలో పాడుచేయడం కన్నా, తీరిక ఉన్న సెలవు రోజున మా వారు స్వయంగా చేస్తుంటే వేడివేడిగా ఒక్కొక్కటే తినడం ఎంతో బాగుంటుంది.

ఇవన్నీ సాగాలంటే సీసాలు నిండి ఉండాలి. ఆదివారం పొద్దున ఒక గంట కేటాయిస్తే కందిపొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడిలో ఏవైనా రెండు చేసుకోవచ్చు. పప్పులను సన్నని మంట మీద విడివిడిగా వేయించి, పూర్తిగా చల్లారాక పొడి కొడితే కందిపొడి నెల రోజులు నిలుస్తుంది, వేడి మీద కొట్టిన పొడి త్వరగా ముద్ద కడుతుంది. పులిహోర పులుసును నూనె తేలేదాకా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, ఇంటికి ఆలస్యంగా చేరిన రోజున అన్నం వండి, పోపు వేసి కలపడం తప్ప పని ఉండదు. ఆకుకూరలు కడగకుండా, కాడలు తీసి, పొడి గుడ్డలో చుట్టి పెడితే మూడు నాలుగు రోజులు వాడవు. డల్లాస్‌లో ఉండే మా అక్క తురిమిన కొబ్బరి, ములక్కాడ ముక్కలు గడ్డకట్టించినవి కొనుక్కుని, కరెంటు కుక్కరుతో ఇవే వంటలు ఇంతే సమయంలో చేస్తుంది. ఇవన్నీ చేయలేని వారం మార్కెట్లో దొరికే దోసెల పిండి కొనుక్కోవడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. ప్యాకెట్‌లోని మసాలాలకన్నా అది ఎంతో నయం.

అన్నం మిగిలితే దాని విషయంలో మాత్రం నేను రాజీపడను. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. గది వేడిలో అన్నాన్ని గంటల తరబడి వదిలేస్తే అవి పెరిగి విషపదార్థాన్ని తయారు చేస్తాయి, దానిని మళ్ళీ వేడి చేసినా పోగొట్టలేము. అందుకే రాత్రి తినడం ముగియగానే, వండి రెండు గంటలు దాటకముందే, మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెడతాము. మరునాటి సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి అది పోపు అన్నంగానో, నిమ్మకాయ పులిహోరగానో మారుతుంది. ఇంకొక రోజుకు మాత్రం దాచము.

వంట త్వరగా కావడానికి అన్నిటికన్నా పెద్ద ఉపాయం ఇంకో రెండు చేతులు. మా ఇంట్లో ఎవరు ముందు వస్తే వారు కుక్కరు పెడతారు, పెసలు నానబోసే పని మా వారిది. ఏడో తరగతి చదివే మా అబ్బాయి వెల్లుల్లి ఒలుస్తాడు, మజ్జిగ చిలుకుతాడు, పచ్చిపులుసులో ఉల్లిపాయలు పిసికే పని తనకే కావాలంటాడు. చిన్నది కంచాలు, నీళ్ళు పెడుతుంది. పెద్దవారి భోజనం అయ్యేలోపు పిల్లలు ఆకలికి ఆగలేని రోజున, కడిగి పిండిన అటుకుల్లో పెరుగు, ఉప్పు కలిపి, ఆవాలు, అల్లం, పచ్చిమిర్చితో పోపు పెట్టి ముందుగా చెరో చిన్న గిన్నెడు ఇస్తాము, అది అయిదు నిమిషాల పని.

ముద్దపప్పు కావాలనే కాస్త ఎక్కువ వండుతాను. ఫ్రిజ్‌లో పెట్టిన ఆ పప్పులో మరునాడు నీళ్ళు, చింతపండు రసం, ములక్కాడలు, ఉల్లిపాయలు వేసి మరగబెట్టి ఇంగువ పోపు పెడితే పప్పుచారు, గోధుమపిండిలో వాముతో కలిపి నీళ్ళు తగ్గించి తడిపితే మెత్తని చపాతీలు. చపాతీలు చేసే రోజున పప్పు చల్లగా ఉండగానే పిండిలో కలపాలి. వేడి పప్పు కలిపితే పిండి జిగురు సాగి పీటకు అంటుకుంటుంది.