డేటా స్ట్రక్చర్స్ అరియర్ తీసేశాను

నిన్న సాయంత్రం రిజల్ట్స్ వచ్చాయి. డేటా స్ట్రక్చర్స్ (కంప్యూటర్లో డేటాను ఎలా అమర్చుకోవాలో చెప్పే సబ్జెక్టు) పాసయ్యాను, గ్రేడ్ కూడా బాగానే వచ్చింది. అమ్మకు ఫోన్ చేస్తే "వదిలిందా ఆ పీడ?" అంది. ఫెయిలై మళ్లీ రాయాల్సిన సబ్జెక్టును మన వైపు బ్యాక్‌లాగ్ అంటాం గానీ, చెన్నైలో దాని పేరు అరియర్. కాలేజీలో చేరిన వారానికే ఆ మాట నేర్చుకున్నాను. అది నాకే తగులుతుందని మాత్రం అనుకోలేదు.

మొదటిసారి నా ప్రిపరేషన్ అంటే ఒక టేబుల్: ఎన్ అంకెలిస్తే ఏ పద్ధతికి సుమారు ఎంత పని పడుతుందో. బబుల్ సార్ట్ ఎన్ స్క్వేర్, మెర్జ్ సార్ట్ ఎన్ లాగ్ ఎన్, బైనరీ సెర్చ్ లాగ్ ఎన్... నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పేపర్లో 13 మార్కుల ప్రశ్న: అరేను మాక్స్ హీప్‌గా మార్చండి, బాటమ్-అప్ పద్ధతిలో దీనికి పట్టే సమయం ఓ ఆఫ్ ఎన్ అని చూపండి. అరే అంటే వరుసగా పేర్చిన అంకెలు, మాక్స్ హీప్ అంటే ప్రతి అంకె తన కిందివాటికన్నా పెద్దదిగా ఉండే చెట్టు, బాటమ్-అప్ అంటే దాన్ని కింది నుంచి పైకి సరిచేసుకుంటూ రావడం, ఓ ఆఫ్ ఎన్ అంటే సమయం ఎన్‌ను మించిన వేగంతో పెరగదని. చదవగానే ప్రశ్నలోనే అచ్చుతప్పు ఉందనుకున్నాను. ఎన్ నోడ్‌లు (చెట్టులో ఒక్కో అంకె ఉండే చోటు), ఒక్కోటి లాగ్ ఎన్ మెట్లు, అంటే దాదాపు చెట్టు ఎత్తంత, దిగుతుంది, కాబట్టి ఎన్ లాగ్ ఎన్. అలాగే రాసి కింద రెండు గీతలు కూడా కొట్టి వచ్చాను.

ఇప్పటికీ చెబుతున్నాను, నేను రాసింది పూర్తిగా తప్పేం కాదు. బిగ్ ఓ అంటే పై హద్దే కదా! ఎన్ లాగ్ ఎన్ కూడా పై హద్దే. కాకపోతే వాళ్లు అడిగింది అది కాదు. పైగా ఏవీఎల్‌లో (ఒక వైపు ఒరిగితే తనను తాను సరిచేసుకునే చెట్టు) ఎల్ఆర్, ఆర్ఎల్ రొటేషన్లు, అంటే ఆ సరిచేసే తిప్పుళ్లు, తారుమారు చేశాను. కాబట్టి దిద్దినవాళ్లను అనడానికి లేదు.

తర్వాత ఒక ఆదివారం కొట్టూర్‌పురంలోని అన్నా సెంటినరీ లైబ్రరీలో కూర్చుని 1 నుంచి 15 వరకు వరుసగా రాసి చెట్టు గీశాను. అడుగున ఉన్న 8 ఆకులూ కదలనే కదలవు. వాటిపై 4 నోడ్‌లు ఒక్కో మెట్టు దిగుతాయి, వాటిపై 2 నోడ్‌లు రెండేసి, రూట్ ఒక్కటే మూడు. 4, 4, 3, మొత్తం 11 స్వాప్‌లు (చోటు మార్పిళ్లు). అవే అంకెలను ఒక్కొక్కటిగా ఇన్సర్ట్ చేస్తూ పోతే? వచ్చిన ప్రతిదీ పైదాకా ఎక్కుతుంది. కింది 8 మూడేసి మెట్లు, వాటిపై 4 రెండేసి, ఆపై 2 ఒక్కోటి: 34. ఎక్కువ దూరం దిగాల్సినవి తక్కువ, తక్కువ దూరం దిగాల్సినవి ఎక్కువ. చెట్టు ఎంత పెరిగినా ఆ మొత్తం ఎన్ దాటదు. ఇంతేనా అని పైకే అనేశాను. ఎదురుగా టీఎన్‌పీఎస్సీ (తమిళనాడు సర్కారు ఉద్యోగ పరీక్షల) పుస్తకాలు పరుచుకున్న అక్క తలెత్తి చూసింది.

ఆ రోజు నుంచి టేబుల్ పక్కన పెట్టేశాను. మొదటి ఎలిమెంటే పివట్‌గా (మిగతావాటిని చిన్నవి, పెద్దవి అని విడదీసే అంకెగా) తీసుకుని, ముందే వరుసలో ఉన్న అరే మీద క్విక్ సార్ట్ నడిపి చూడండి, ఎన్ స్క్వేర్ ఎందుకో మీకే తెలుస్తుంది. అతి దగ్గరి దారి వెతికే డైక్‌స్ట్రా పద్ధతికి ఒక నెగటివ్ ఎడ్జ్ (సున్నాకన్నా తక్కువ దూరమున్న దారి) ఇచ్చి చూడండి, జవాబు తప్పొచ్చు. పట్టే సమయం టూ టీ ఆఫ్ ఎన్ బై టూ ప్లస్ ఎన్ లాగ్ ఎన్ అని వస్తే మాస్టర్ థియరమ్ (ఇలాంటి లెక్కలకు రెడీమేడ్ సూత్రం) మామూలు మూడు కేసుల్లో వెతక్కండి, అందులో పట్టదు. పని సగం సగంగా ఎలా విడిపోతుందో చూపే రికర్షన్ ట్రీ గీయండి. హాషింగ్‌కు (డేటా ఉండే చోటును లెక్కగట్టి నేరుగా వెతికే పద్ధతి) ఒక్క రోజు చాలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోన్ బీరువాలో పెట్టండి. వీడియో చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, కాగితం మీద పెన్ను కదలదు. రోజుకు రెండు గంటలు చేత్తో ట్రేస్ చేయండి, అంటే ఒక్కో మెట్టూ కాగితం మీద రాసుకుంటూ పోండి. నేను రోజూ చేశానా అంటే, చివరి నెల చేశాను. ముందు రెండు నెలలు మెస్ తిండి పడక జ్వరం, ఆపైన ఇంట్లో పెళ్లి.

ఏవీఎల్ మాత్రం ఇంకా చేతులు తిప్పకుండా రాయలేను. ఈసారి పరీక్ష హాల్లో గాల్లో రొటేషన్లు తిప్పుకుంటుంటే, ఇన్విజిలేటర్ ఎవరికో సైగలు చేస్తున్నాననుకుని రెండుసార్లు వచ్చి పక్కనే నిలబడ్డారు.