మైపాడుకు రివాల్వర్: స్నానం దగ్గరే అసలు చిక్కు

లైసెన్స్ తుపాకి ఉన్నవాళ్ళు సముద్రానికి బయల్దేరుతుంటే ఏ హోల్‌స్టర్ (తుపాకి పెట్టుకునే ఒర) పెట్టుకోవాలి, పైన ఏ చొక్కా వేసుకోవాలి అని తెగ ఆలోచిస్తారు. నీళ్ళలోకి దిగేటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఒడ్డుకు చేరాకే గుర్తొస్తుంది. నెల్లూరు నుంచి మైపాడు సుమారు 25 కిలోమీటర్లు. ఒంగోలు నుంచి కొత్తపట్నం అంతకన్నా దగ్గర. పొద్దున్నే పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసే ప్రయాణం, అందులో ఓ గంట అలల్లోనే గడుస్తుంది. ఆ గంట తుపాకి ఎక్కడుంటుందో బయల్దేరకముందే తేల్చుకోలేకపోతే దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసి పోవడమే మేలు.

సాధారణంగా తోచే దారులన్నీ తప్పుదారులే. కారు డ్యాష్‌బోర్డు అరకు ఉండేది ప్లాస్టిక్ గొళ్ళెం. బీచ్ దగ్గర బండి ఆపి అందరూ నీళ్ళలోకి దిగారని చూసేవాడికి, అద్దం పగలగొట్టడానికి అర నిమిషం చాలు. బావమరిది చేతికిచ్చి దిగుదామా అంటే, లైసెన్స్ మీ పేరు మీద ఉంది. రిటైనర్‌గా, అంటే మీ బదులు తుపాకి పట్టుకోవచ్చని, అతని పేరు అందులో ఎక్కి ఉంటే తప్ప, మీరు స్నానం చేసొచ్చేదాకా తుపాకి పట్టుకుని కూర్చునే హక్కు అతనికి లేదు. ఏదన్నా జరిగితే ఇద్దరూ కేసులో ఇరుక్కుంటారు. హోటల్ గదిలో నంబరు నొక్కే లాకర్‌ను, మీరు నంబరు మరిచిపోతే మేనేజరు వచ్చి తెరుస్తాడు. అంటే దాని తాళం మీ ఒక్కరి చేతిలో లేదు. తువ్వాలులో చుట్టి చెప్పుల పక్కన పెట్టేవాళ్ళకు చెప్పడానికేమీ లేదు.

మిగిలేది ఒక్కటే. తుపాకి ఎవరి నడుముకు ఉందో ఆయన ఆ రోజు మోకాళ్ళ పైకి తడవకూడదు. ఒడ్డున కూర్చుని పిల్లల్ని కనిపెట్టుకునే పని ఎలాగూ ఎవరో ఒకరు చెయ్యాలి, అది ఆయనకే వదిలెయ్యండి. రెండు మూడు రోజులు ఇల్లు ఖాళీగా ఉండేటట్టయితే లైసెన్స్ ఉన్న గన్ డీలర్ దగ్గర డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చు. కట్టే రుసుం కన్నా దొరికే మనశ్శాంతి ఎక్కువ.

ఇక దాచుకునే పద్ధతి. 2016 ఆయుధ నియమాల్లో 32వ నియమం దీని గురించే. బహిరంగ స్థలంలో చేతి తుపాకి హోల్‌స్టర్‌లో గానీ, దానికోసమే తయారైన సంచిలో గానీ, ఒంటికి తగిలించి ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి. బయటికి తీసి ఊపినా, పేల్చినా లైసెన్స్ పోవచ్చు. పట్నంలో ఇది కష్టం కాదు, బీచ్‌లోనే కష్టం. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే వదులు చొక్కా అంచు పైకి లేస్తుంది. తడిసిందంటే గుడ్డ ఒంటికి అంటుకుని పిడి అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. షార్ట్‌కు, లుంగీకి ఆ బరువు మొయ్యడం చేతకాదు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల పాయింట్ 32 రివాల్వర్లలో తేలికదైన నిర్భీక్ కూడా సుమారు 500 గ్రాములుంటుంది. మామూలు ఉక్కువి ఇంకా బరువు. కాబట్టి ప్యాంటు, ఒకటిన్నర అంగుళాల గట్టి బెల్టు, ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోయే హోల్‌స్టర్, దానిపైన రెండు గుండీల మేర పొడుగెక్కువున్న ముదురు రంగు చొక్కా ఉండాలి. చీలమండ హోల్‌స్టర్ మాత్రం వద్దు, ఇసుకలో ఒక్కసారి కూర్చుంటే నిండిపోతుంది. భుజానికి అడ్డంగా వేసుకునే సంచి అయితే అందులో తుపాకి ఒక్కటే ఉండాలి. తాళంచెవులు, చిల్లర, పిల్లల బిస్కెట్లు ఇంకో సంచిలోకి. బిస్కెట్ కోసం చెయ్యి పెట్టే పిల్లాడికి సంచుల తేడా తెలియదు.

టూరు కాస్త పొడిగించి సూళ్ళూరుపేట వైపు కొంగల్నీ, ఫ్లెమింగోలనూ చూసి వద్దామనుకుంటే ఆ రోజు తుపాకి అసలు వద్దు. నేలపట్టు, పులికాట్ రెండూ అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టకూడదు. జేబులో గన్ లైసెన్స్ ఉంది కదా అంటే అక్కడ చెల్లదు. తడ దాటితే తమిళనాడు. లైసెన్స్‌లో ఏరియా దగ్గర ఏం రాసుందో ఇంట్లోనే చదువుకోండి. ఒక్క జిల్లా అనో, ఆంధ్రప్రదేశ్ అనో ఉంటే తుపాకితో పళవేర్కాడు (తమిళనాడు వైపు పులికాట్ ఊరు) దాకా పోవడం నేరం. నెల్లూరు దగ్గరి జొన్నవాడ అమ్మవారి దర్శనం కూడా పెట్టుకుంటే మళ్ళీ అదే ప్రశ్న, గుళ్ళోకి పోయేటప్పుడు అదెక్కడ?

కార్తీక పౌర్ణమికి మైపాడులో, కొత్తపట్నంలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ తోపులాటలో నడుముకు ఎవరి చెయ్యి తగిలిందో కూడా తెలియదు. ఆ రోజు వద్దు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు డిపాజిట్ చెయ్యమని ఉత్తర్వు వస్తే ఇక ట్రిప్పు మాటే లేదు. మందు తాగే ప్రోగ్రాం ఉంటే ఏ రోజైనా వద్దే. ఎవరో రీలు తీస్తానంటే చొక్కా ఎత్తి చూపించడమూ వద్దు, గాల్లోకి ఒకటి పేల్చడమూ వద్దు. పేల్చే సరదాకు ఆయుధ చట్టం 2019 సవరణలో ప్రత్యేకంగా శిక్ష పెట్టారు: సంబరాల కాల్పులతో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

లైసెన్స్ ఒరిజినలే ఉండాలి, జిప్ కవర్లో పెట్టి పైజేబులో ఉంచుకోండి. పోలీసులు బండి ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి, "సార్, నా దగ్గర లైసెన్స్ రివాల్వర్ ఉంది, కుడి నడుముకు ఉంది. లైసెన్స్ పైజేబులో ఉంది, తియ్యమంటారా?" అని ముందు నోటితో చెప్పండి. అడగకుండా చెయ్యి నడుము దగ్గరికి పోకూడదు. తుపాకి పోతే గంట వెతికి చూద్దాం అనుకోవద్దు, వెంటనే దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పాలి. ఇది లైసెన్స్ షరతే.

తూటాలు కొనేటప్పుడు ఒక మాట. రివాల్వర్‌దీ పాయింట్ 32, పిస్టల్‌దీ పాయింట్ 32 అంటారు గానీ రెండూ ఒకటి కావు. రివాల్వర్‌కు వాడేది పొడుగు తూటా, అశని లాంటి పిస్టల్‌కు ఆటో తూటా.

ఇంటికొచ్చాక ఆ రాత్రే శుభ్రం చెయ్యాలి, తెల్లారాక కాదు. గొట్టం మనుషుల్లేని గోడవైపు పెట్టి, రివాల్వర్‌ను కీలు దగ్గర వంచి తెరిచి, తూటాలు బయటికి తీసి లెక్కపెట్టి, వేరే గదిలో పెట్టి రండి. చాలామంది ముందు గుడ్డతో తుడుస్తారు. తప్పు. గుడ్డ కింద చిక్కుకున్న ఇసుక రేణువు గరుకు కాగితంలా గీతలు పెడుతుంది. పాత న్యూస్‌పేపర్ పరిచి, పొడి టూత్‌బ్రష్‌తో ముందు ఇసుక రాల్చండి. మూడు చోట్ల ఎక్కువ ఉంటుంది: వంచి తెరిచే కీలు దగ్గర, తూటాలు పట్టే సిలిండర్‌కూ ఫ్రేముకూ మధ్య, పేలిన ఖాళీ తూటాలను పైకి నెట్టే నక్షత్రం లాంటి పలక అడుగున. ఆ పలక కింద ఒక్క రేణువున్నా అది సరిగ్గా కూర్చోదు, సిలిండర్ బిగుసుకుంటుంది, ట్రిగ్గర్ లాగితే రాదు. ఆ తర్వాతే గుడ్డ, ఆ తర్వాతే గన్ ఆయిల్. కీలుకు ఒక చుక్క, పైన పల్చటి పూత, అంతే. సిలిండర్‌లో తూటాలుండే గదులు మాత్రం పొడిగా ఉండాలి. నూనె తూటా అడుగు నుంచి లోపలికి పాకితే పేలుడు మందు పాడైపోతుంది. కొబ్బరినూనె రాసే అలవాటు మనవైపు ఉంది. నెలకల్లా జిగురై ధూళిని పట్టుకుంటుంది. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె నయం.

ఉప్పునీళ్ళలో పడితే ముందు తూటాలు తీసి మంచినీళ్ళతో కడగాలి. ఒడ్డున ఉండే బోరు నీళ్ళు కూడా ఉప్పగానే ఉండొచ్చు, తాగడానికి తెచ్చుకున్న క్యాన్ నీళ్ళే వాడండి. తర్వాత ఆరబెట్టి, నూనె రాసి, డీలర్‌కు చూపించేదాకా పేల్చకూడదు. తడిసిన తూటాలు ఎండలో పెట్టి వాడొద్దు. మందు సగమే అంటుకుంటే గుండు గొట్టంలోనే ఆగిపోతుంది, దాని వెనక రెండోది పేలిస్తే గొట్టం పగులుతుంది. సముద్రంలోకి విసరడమూ వద్దు, లెక్క తప్పుతుంది. డీలర్‌ను అడిగి ఆయన చెప్పినట్టు చెయ్యండి.

తోలు హోల్‌స్టర్ చెమ్మ పీలుస్తుంది. నీడలో రెండు రోజులు ఆరనివ్వాలి, అందులో తుపాకి ఉంచి బీరువాలో పెట్టకూడదు. మూడో రోజు మళ్ళీ ఒకసారి తీసి పిడి మరలు విప్పి చూడండి. పైన తళతళలాడుతున్నా, చెమట దిగిన చోట పిడి చెక్కల కింద సన్నగా ఎర్రటి చుక్కలు అప్పుడే మొదలవుతాయి.